పబ్లిక్ ఫైనాన్స్‌లో పీహెచ్‌డీ చేయాలా? ముందు పద్దులు చదివి చూడు

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగింది. ఇల్లు గాజువాకలో, నాన్నగారు స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. ఇంట్లో గ్రూప్-2 రాయమంటున్నారు. తనకేమో పబ్లిక్ ఫైనాన్స్‌లో, అంటే ప్రభుత్వ రాబడి, ఖర్చు, అప్పుల చదువులో, పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంది. "సార్, ఈ సబ్జెక్టుకి భవిష్యత్తు ఉందా? లెక్కలు ఎంత రావాలి? ఎన్నేళ్లు పడుతుంది, జీతం ఎంత? ఢిల్లీ వెళ్లకుండా వైజాగ్‌లోనే ఉండి చేయొచ్చా?"

అమ్మా, ఈ సబ్జెక్టు చాలా ఏళ్లు చెప్పినవాణ్ని, ఇప్పటికీ థీసిస్‌లు దిద్దుతున్నవాణ్ని. ఉన్నదున్నట్టు చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. పబ్లిక్ ఫైనాన్స్ చదవడానికి మన రాష్ట్రంలో వైజాగ్ అంత అనువైన ఊరు ఇంకోటి లేదు. పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, కస్టమ్స్, జీఎస్టీ ఆఫీసులు, పెద్ద కార్పొరేషను, 1926లో పెట్టిన యూనివర్సిటీ, అన్నీ ఒక్క ఊళ్లోనే. కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను, మున్సిపాలిటీ పన్ను మూడూ ఒక్క సిటీ బస్సు రూట్లో కనిపిస్తాయి. చూసే కన్ను ఉండాలంతే.

మల్కాపురం రిఫైనరీ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటావో. అక్కడి నుంచి వచ్చే పెట్రోలు సంగతే చూడు. 2021లో, నవంబరు తగ్గింపుకి ముందు, లీటరు పెట్రోలు మీద కేంద్రం ₹32.90 ఎక్సైజ్ తీసుకునేది. పరీక్షలో అయితే "కేంద్ర ఎక్సైజ్ సుంకంలో రాష్ట్రాలకు వాటా ఉంటుంది" అని ఒక వాక్యం రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ ₹32.90ని విడదీసి చూడు. రోడ్లు, మౌలిక సదుపాయాల సెస్సు ₹18. ప్రత్యేక అదనపు ఎక్సైజ్ ₹11. వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు ₹2.50. మిగిలిన ₹1.40 అసలు ఎక్సైజ్. రాష్ట్రాలతో పంచుకునేది ఆ ₹1.40 మాత్రమే. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌ఛార్జీలు పంపకంలోకి రావు. 15వ ఆర్థిక సంఘం (కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా సిఫారసు చేసే సంఘం) చెప్పిన 41 శాతం లెక్కన అన్ని రాష్ట్రాలకూ కలిపి లీటరుకు 57 పైసలు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే రెండు పైసల పైన కాస్త.

ఈ లెక్క వేయగానే ఒళ్లు మండుతుంది. అక్కడితో ఆగితే అది ప్రెస్‌మీట్ అవుతుంది. పరిశోధకురాలివైతే ఇంకో అడుగు వేయాలి. రాష్ట్రం వ్యాట్ వేసేది కేంద్రం ఎక్సైజ్ కూడా కలిసిన ధర మీద. కాబట్టి కేంద్రం సెస్సు పెంచినప్పుడల్లా రాష్ట్రానికీ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. సెస్సు డబ్బుతో వెడల్పు చేసిన జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. మరి నికరంగా రాష్ట్రానికి నష్టమా, లాభమా, ఎంత? 2015లో 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాని 32 నుంచి ఒక్కసారిగా 42 శాతానికి పెంచింది కాబట్టే కేంద్రం సెస్సుల వైపు మొగ్గిందా, లేక ఎలాగూ మొగ్గేదా? ఇవి ఇంకా తేలని ప్రశ్నలు. ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుని నాలుగైదేళ్లు వదలకుండా ఉండటమే ఈ ఉద్యోగం.

సబ్జెక్టుకి భవిష్యత్తు ఉందా అన్నావు. ప్రభుత్వాలు పన్నులు వేసి అప్పులు చేసినంత కాలం ఉంటుంది. 16వ ఆర్థిక సంఘం అరవింద్ పనగారియా అధ్యక్షతన కూర్చున్నప్పుడు ప్రతి రాష్ట్రమూ తన వాదన వినిపించింది. ఆ వాదనల వెనకాల లెక్కలు కట్టినవాళ్లు ఉంటారు. వాటాల సూత్రంలో తలసరి ఆదాయ వ్యత్యాసానికి 45 శాతం బరువు ఇస్తే ఒక రాష్ట్రం గెలుస్తుంది, తగ్గిస్తే ఇంకో రాష్ట్రం గెలుస్తుంది. 14వ సంఘం హయాంలో పంచుకునే ప్రతి వంద రూపాయల్లో మనకు ₹1.81 వస్తే, 15వ సంఘం వచ్చాక ₹1.66. వినడానికి పైసలే, కానీ వంద స్థానంలో లక్షల కోట్లు పెట్టి చూడు. ఈ లెక్క తెలిసినవాళ్లు ఢిల్లీలోనే ఉండాలని రూలేమీ లేదు. మన తెలుగువాడు వై.వి. రెడ్డిగారు ఐఏఎస్ అధికారిగా ప్రభుత్వ ఖాతాల మధ్య పనిచేసి, 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి, తర్వాత 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడయ్యారు. పద్దులు చదవడం వచ్చినవాడికి సిద్ధాంతం ఎలా లొంగుతుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. ఈ రంగంలో నిలబడేవాళ్లకీ మధ్యలో జారిపోయేవాళ్లకీ తేడా తెలివితేటల్లో కనిపించలేదు నాకు. ప్రభుత్వ ఖాతాల పుస్తకం చేతికిస్తే విసుగు పుట్టకుండా చదవగలరా లేదా, అదే తేడా. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష)లో మంచి మార్కులు తెచ్చుకుని, ప్రభుత్వానికి ఉండాలని ఆర్థికవేత్త మస్‌గ్రేవ్ చెప్పిన మూడు విధులూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగి, రాష్ట్ర బడ్జెట్ పుస్తకం తెరవగానే ఆవలించేవాళ్లని చూశాను. వాళ్లకి ఈ రంగం నరకం. బాధ్యతగా చెబుతున్నాను, నీకు అది పడదనిపిస్తే లేబర్ ఎకనామిక్స్ తీసుకో, వ్యవసాయం తీసుకో. అక్కడ కనీసం మనుషులతో మాట్లాడొచ్చు.

పద్దులు చదవడం అంటే ఏమిటో ఒకటి దగ్గరగా చూపిస్తాను. మన రాష్ట్రంలో కాంట్రాక్టరు ఎవరు కలిసినా ఒకటే మాట, "సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెట్టాం సార్, పడలేదు." 2018 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెల్లింపులన్నీ ఆ ఆన్‌లైన్ వ్యవస్థలోనే నడుస్తున్నాయి కదా. కాలువ పూడిక తీశారు, స్కూలు గోడ కట్టారు, బిల్లు అప్‌లోడ్ అయింది, డబ్బులు మాత్రం రాలేదు. ఇప్పుడు చెప్పు, ఈ పనికైన ఖర్చు ఆ ఏడాది ప్రభుత్వ ఖాతాల్లో ఎక్కడ కనిపిస్తుంది? ఎక్కడా కనిపించదు. మన ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో రాస్తారు. చేతిలోంచి డబ్బు కదిలితేనే ఖర్చు. కిరాణా కొట్లో అరువు పెట్టి, ఈ నెల ఇంటి ఖర్చు తగ్గిందని చెప్పుకున్నట్టు ఉంటుంది. మార్చి 31 నాటికి బిల్లులు తొక్కిపెడితే ఆ ఏడాది లోటు తగ్గుతుంది, ఏప్రిల్‌లో బయటపడుతుంది. ద్రవ్య లోటు ఇంత శాతానికి తగ్గిందని ఆర్థిక మంత్రి ఎవరైనా గర్వంగా చెబితే, చప్పట్లు కొట్టే ముందు పెండింగ్ బిల్లులెన్ని అని అడగాలి. ఆ అంకె బడ్జెట్ పుస్తకంలో ఉండదు. శాసనసభ ప్రశ్నల జవాబుల్లోంచి, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లోంచి, సమాచార హక్కు దరఖాస్తుల్లోంచి ఏరుకోవాలి.

దీనికి అద్దంలో బొమ్మలాంటి వ్యవహారం ఇంకోటుంది, పీడీ ఖాతాలు. అంటే పర్సనల్ డిపాజిట్ ఖాతాలు. సంఘటిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖాతా) నుంచి డబ్బు తీసి ఫలానా ప్రభుత్వ కార్పొరేషను పీడీ ఖాతాలో వేస్తారు. వేసిన రోజునే అది ఖర్చుగా నమోదవుతుంది. నిజంగా ఎవరికీ ఒక్క రూపాయి చేరకపోయినా సరే. డబ్బు ట్రెజరీలోనే ఉంటుంది, పద్దులో మాత్రం ఫలానా పథకానికి ఇంత ఖర్చు పెట్టేశాం అని ఉంటుంది. కాగ్ మన రాష్ట్రం గురించి ఈ విషయం పలుమార్లు రాసింది. పెండింగ్ బిల్లుల్లో పని జరిగింది, ఖర్చు లేదు. పీడీ ఖాతాల్లో ఖర్చు జరిగింది, పని లేదు. ఈ రెండింటి మధ్య అసలు రాష్ట్రం ఎంత ఖర్చు పెట్టిందో తేల్చడం ఒక పూర్తి పీహెచ్‌డీ. ఇంకెవరూ పట్టుకోకపోతే నువ్వు పట్టుకో.

ఆఫ్-బడ్జెట్ అప్పులదీ ఇదే దారి. ప్రభుత్వం తన పేరు మీద కాకుండా ఏదో ప్రభుత్వ కార్పొరేషను పేరు మీద అప్పు తెస్తుంది, వాయిదాలు మాత్రం బడ్జెట్ నుంచే కడుతుంది. 2022-23 నుంచి అలాంటి అప్పుల్ని కూడా రాష్ట్రాల రుణ పరిమితిలోనే లెక్కిస్తామని కేంద్రం చెప్పింది. 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి కాబట్టి ఆ మాటకి బలం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన రాష్ట్రంలో అప్పుల మీద నోరు విప్పితే చాలు, మర్నాడు నువ్వు ఏ పార్టీయో, మాటకొస్తే ఏ కులమో కూడా తేల్చేస్తారు. బడ్జెట్ రోజు టీవీ చర్చకి పిలుస్తారు, నీ పేరు కింద 'ఆర్థిక నిపుణులు' అని వేస్తారు, నీకు ఎడమ పక్క ఒక పార్టీ ప్రతినిధి, కుడి పక్క ఇంకో పార్టీ ప్రతినిధి. మొదటి పదేళ్లు ఆ కుర్చీలో కూర్చోకు. ఏ ప్రభుత్వాన్నైనా ఒకే కొలతతో కొలిచే అలవాటు ముందు రాతలో స్థిరపడాలి. పోయిన ప్రభుత్వం పీడీ ఖాతాలు లెక్కపెట్టి, ఇప్పటి ప్రభుత్వం పీడీ ఖాతాలు వదిలేసిన పేపరు నా చేతికొస్తే నేను రెండో పేజీ చదవను.

మన ఊరి కార్పొరేషనుకి వద్దాం. ఎక్కువ మంది విద్యార్థులు రాష్ట్రం, కేంద్రం అంటూ పైకి చూస్తారు. సరుకంతా కింద ఉంది. మద్దిలపాలెంలో ఒక ఇంటి ఆస్తి పన్ను నోటీసు తీసుకో. ఒకప్పుడు ఆ ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి, దాని మీద పన్ను వేసేవారు. 2021 నుంచి రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా, అంటే మూలధన విలువ మీద వేస్తున్నారు. అప్పట్లో వైజాగ్‌లో కాలనీ సంఘాలన్నీ రోడ్డెక్కాయి, నీకు గుర్తుండే ఉంటుంది. ఈ మార్పు ఎక్కడ నుంచి ఊడిపడింది? 2020 మే నెలలో, కొవిడ్ దెబ్బకి, రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతానికి బదులు 5 శాతం దాకా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం అంది. అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. ఒక షరతు పట్టణ సంస్కరణలు. ఆస్తి పన్నుని రిజిస్ట్రేషన్ విలువలకి ముడిపెట్టి కనీస రేట్లు ప్రకటిస్తే స్థూల ఉత్పత్తిలో పావు శాతం అదనపు అప్పుకి అనుమతి. దాన్ని ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో మనదొకటి. అంటే ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ఉత్తరం మద్దిలపాలెంలో రిటైర్డ్ గుమస్తా ఇంటి పన్నుని మార్చింది. ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి ఆశ చూపించి పౌరుడి మీద పన్ను ఎలా మార్పిస్తుందో చూపడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ విదేశీ పాఠ్యపుస్తకాల్లో కూడా దొరకదు.

పరిశోధన ప్రశ్న ఇప్పుడు అడుగు. రిజిస్ట్రేషన్ విలువలు మధురవాడలో ఒక తీరుగా, వన్ టౌన్‌లో ఒక తీరుగా పెరుగుతాయి. పాత పద్ధతిలో ఎవరి మీద భారం ఎక్కువ, కొత్త పద్ధతిలో ఎవరి మీద ఎక్కువ? సొంత ఇల్లు ఉండి చేతిలో నగదు లేని పెన్షనర్లు ఏమయ్యారు? పన్ను పెరిగితే అద్దెలు పెరిగాయా, లేక ఇంటి యజమానే మోశాడా? పన్ను ఎవరి మీద వేశారు, చివరికి ఎవరు మోశారు అన్నది మన సబ్జెక్టులో అన్నిటికంటే పాత ప్రశ్న, ఇప్పటికీ అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. 2018లో మన కార్పొరేషను జీవీఎంసీ మున్సిపల్ బాండ్లు జారీ చేసి ₹80 కోట్లు సేకరించింది. దేశంలో బాండ్లు జారీ చేయగలిగిన కార్పొరేషన్లు అప్పటికి కొద్దే. అప్పిచ్చేవాడు ఆస్తి పన్ను వసూళ్లు చూసే అప్పిస్తాడు కాబట్టి ఈ రెండు కథలూ ఒకటే.

ఇంకా కిందికి దిగితే మార్కెట్ ఆశీలు. ఉదయాన్నే పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి చూడు. మున్సిపాలిటీలు ఆశీలు వసూలు చేసుకునే హక్కుని వేలం వేస్తాయి. పాట పాడుకున్న కాంట్రాక్టరు ముందే డబ్బు ఒప్పుకుంటాడు, తర్వాత బండ్ల వాళ్ల దగ్గర, గంపల వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటాడు. బోర్డు మీద ఒక రేటు ఉంటుంది, చేతికిచ్చే చీటీ మీద ఒకటి, కొన్నిచోట్ల అసలు చీటీయే ఉండదు. కార్పొరేషనుకి వసూలు టెన్షన్ లేదు, ఆదాయం ఖాయం. ఆ ఖాయం కోసం తోటకూర అమ్మే ఆవిడ ఎంత ఎక్కువ కడుతోంది? పన్నుల వసూలు గుత్తకివ్వడం మొగలుల కాలం నాటి వ్యవహారం అని క్లాసులో చెప్పి ముందుకెళ్లిపోతాం, అది మన బజార్లో రోజూ తెల్లవారుజామున జరుగుతోంది. దీని మీద నాణ్యమైన పేపరు రావాలి. గంపల దగ్గర కూర్చుని చీటీలు పోగుచేసే ఓపిక ఉండాలి మరి.

లెక్కల సంగతి. భయపడాల్సినంత లేదు, వదిలేయగలిగేంత కూడా కాదు. డిఫరెన్షియల్ కాల్‌క్యులస్, లగ్రాంజ్ పద్ధతిలో ఆప్టిమైజేషన్, మాట్రిక్సులు, ప్రాబబిలిటీ, రిగ్రెషన్, ఇవి చేతిలో ఉండాలి. ఇంటర్లో హెచ్‌ఈసీ చదివినా ఒక ఏడాది గట్టిగా కూర్చుంటే వస్తాయి. ఫ్రాంక్ రామ్సే 1927లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఒకే వ్యాసంలో పన్నుల సిద్ధాంతానికి దారి వేశాడు. ధర పెరిగినా జనం వాడకం తగ్గించని వస్తువు మీద ఎక్కువ పన్ను వేస్తే ఆర్థిక వ్యవస్థకి నష్టం తక్కువ అని దాని సారం. చదివితే ఒక పూటలో అర్థమవుతుంది. కానీ వాడకం తగ్గించలేని వస్తువులు బీదవాళ్ల సంచిలోనే ఎక్కువ ఉంటాయి కదా, మరి న్యాయం మాటేమిటి అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఇంకో నలభై ఐదేళ్లు పట్టింది. ఆ తర్వాతి అధ్యాయాల్లో లెక్కలు నిజంగానే బరువు. సిద్ధాంతంలోకి దిగదలిస్తే అవి తప్పవు. పన్ను మారిన చోటనీ మారని చోటనీ పోల్చి చూసే రకం పని చేస్తానంటే ఎకనామెట్రిక్స్ (ఆర్థిక గణాంకాల విశ్లేషణ) బాగా రావాలి, స్టాటా గానీ ఆర్ గానీ, ఏదో ఒక గణాంక సాఫ్ట్‌వేర్ వాడటం రావాలి. ఆర్ ఉచితం, ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

సిద్ధాంతం చదివేటప్పుడు కూడా ఊరు మర్చిపోకు. 1954లో ఆర్థికవేత్త శామ్యూల్‌సన్ ప్రజా వస్తువుల (డబ్బు కట్టనివాళ్లని వాడకుండా ఆపలేని వాటి) మీద రాసిన వ్యాసం నిండా మూడు పేజీలే. ప్రజా వస్తువుకి పాఠ్యపుస్తకాలు ఇచ్చే ఉదాహరణ లైట్‌హౌస్, దాని వెలుగు చూసినందుకు ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయలేం అంటారు. మన డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం ప్రకారం రేవుకి వచ్చే ఓడల దగ్గర లైట్ సుంకం వసూలు చేసేవారు! వెలుగుకి తలుపు వేయలేకపోయినా రేవుకి వేయొచ్చు. ఆర్థికవేత్త కోస్ 1974లో ఇంగ్లండు లైట్‌హౌసుల గురించి చెప్పిందీ ఈ దారిలోదే. వైవాలో (థీసిస్ మీద మౌఖిక పరీక్షలో) ఎవరైనా లైట్‌హౌస్ గురించి అడిగితే ఈ మాట చెప్పు, పరీక్షకులు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఇక దారి, డబ్బు. ఎం.ఏ. అవుతూనే యూజీసీ నెట్ రాయి. ఏడాదికి రెండుసార్లు పెడతారు, రెండు పేపర్లూ కలిపి మూడు గంటలు, మూడు వందల మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. ఎకనామిక్స్ పేపర్లో పబ్లిక్ ఎకనామిక్స్ ఒక యూనిట్ మాత్రమే, కాబట్టి నచ్చిన సబ్జెక్టు ఒక్కటే చదివితే గట్టెక్కవు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి ₹37,000, ఆ తర్వాత ₹42,000, ఇంటి అద్దె అలవెన్సు వేరే. జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి ఉంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు. ఏపీసెట్ మన యూనివర్సిటీయే నిర్వహిస్తుంది, రాష్ట్రంలో లెక్చరర్ అర్హతకి పనికొస్తుంది గానీ ఫెలోషిప్ ఇవ్వదు. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరొద్దు అని నేను గట్టిగానే చెబుతాను. ఇంట్లో రోజూ "ఇంకెన్నాళ్లు" అని అడిగించుకుంటూ ఎవరూ మంచి థీసిస్ రాయలేరు.

పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అని యూజీసీ 2022 నిబంధనలు. పొడిగింపులు ఉన్నాయి, ఆడపిల్లలకి అదనంగా రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతి సెలవు కూడా ఉన్నాయి. నిజాయితీగా చేస్తే ఐదేళ్లు వేసుకో. గైడు దగ్గర చేరే ముందు ఆయన పేరు ప్రతిష్ఠలు చూడకు, ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో తీసి చూడు. (ఆ లైబ్రరీకి పేరున్న కృష్ణగారూ ఎకనామిక్స్ మాస్టారే. వైస్ ఛాన్సలర్ చేశారు, యూజీసీ ఛైర్మన్‌గా వెళ్లారు.) పది సంవత్సరాల పన్ను ఆదాయం పట్టిక, దాని కింద శాతాలు, దాని కింద బార్ బొమ్మలు, చివర "ప్రభుత్వం పన్ను ఎగవేతని అరికట్టాలి" అని సూచనలు. ఇలాంటివి వరసగా కనిపిస్తే పుస్తకం మూసి ఇంకో గైడుని వెతుక్కో. అలాగే డబ్బులు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి పోకు. మంచి జర్నళ్లని గుర్తించే యూజీసీ కేర్ జాబితాని 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి మంచిదేదో చెడ్డదేదో ఇకపై నువ్వే తేల్చుకోవాలి. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక్క వ్యాసం పడితే ఆ రకం పది వ్యాసాల కంటే ఎక్కువ.

ఉద్యోగం విషయంలో తీపి మాటలు చెప్పను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం ₹57,700 నుంచి మొదలు, డీఏ, ఇంటి అద్దె కలుస్తాయి. అసోసియేట్ ప్రొఫెసర్‌కి ₹1,31,400, ప్రొఫెసర్‌కి ₹1,44,200 నుంచి. జీతం మంచిదే, పోస్టులే లేవు. 2023లో రాష్ట్ర యూనివర్సిటీల్లో మూడు వేలకి పైగా పోస్టులకి నోటిఫికేషన్లు వచ్చినా అనుకున్నట్టు సాగలేదు. ఈలోగా గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లకేళ్లు గడిపేస్తున్న పీహెచ్‌డీలు చాలామంది ఉన్నారు. వాళ్లలో తెలివైనవాళ్లకి కొదవ లేదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఉద్యోగం దొరుకుతుంది. కానీ అడ్మిషన్ల సీజన్లో ఫోన్లు చేయిస్తారు, పాఠాల గంటలు ఎక్కువ, పరిశోధనకి మిగిలేది ఆదివారం.

అందుకే పీహెచ్‌డీ చేస్తూ రెండు మూడు తలుపులు తెరిచి పెట్టుకో. ఢిల్లీలో 1976 నుంచి ఉన్న జాతీయ పబ్లిక్ ఫైనాన్స్ సంస్థ, తిరువనంతపురంలో గులాటీ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్). వీటిలో ప్రాజెక్టుల మీద రీసెర్చ్ అసోసియేట్లని తీసుకుంటుంటారు. నీ ఢిల్లీ ప్రశ్నకి నా జవాబు ఇది: థీసిస్ విషయం ఇక్కడిది పెట్టుకో, రెండేళ్లు మాత్రం బయట పనిచేసి రా. అక్కడ సెమినార్లో నీ పేపర్ని మొహమాటం లేకుండా చీల్చి చెండాడతారు. మన దగ్గర వైవా అంటే శాలువాలు, స్వీట్ ప్యాకెట్లు. చీల్చించుకోవడం ఒకసారి అలవాటు కావాలి. ఇవి కాక ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ ఉంది, ముప్పై ఏళ్ల లోపు రాయాలి. రిజర్వు బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగంలో గ్రేడ్-బి పోస్టులున్నాయి. రాష్ట్రాల బడ్జెట్ల మీద ఏటా వచ్చే అధ్యయనం తయారయ్యేది ఆ బ్యాంకులోనే.

గ్రూప్-2 సంగతి మీ నాన్నగారికి ఇలా చెప్పు. ఆయన అడగడంలో తప్పు లేదు, స్టీల్ ప్లాంట్‌లో ఇప్పుడున్న పరిస్థితుల్లో ఏ తండ్రైనా స్థిరమైన ఉద్యోగమే కోరుకుంటాడు. ఎకనామిక్స్ చదివినదానివి కాబట్టి గ్రూప్-2 సిలబస్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ భాగం నీకు సగం వచ్చినట్టే, నోటిఫికేషన్ పడితే రాయి. ఉద్యోగం వచ్చినా నష్టం లేదు. వాణిజ్య పన్నుల శాఖలోనో ట్రెజరీలోనో ఐదేళ్లు పనిచేసి తర్వాత పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేసినవాళ్ల థీసిస్‌లు నేను దిద్దాను. ఖాతాల లోపలి మతలబులు వాళ్లకి తెలిసినంత మాకు తెలియవు.

ఏ నిర్ణయం తీసుకునే ముందైనా ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. కాగ్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ ఫైనాన్స్ అకౌంట్స్ రెండు సంపుటాలూ ఉచితంగా దొరుకుతాయి, ఏవైనా వరసగా ఐదేళ్లవి దించుకో. బడ్జెట్ అంచనాలు, సవరించిన అంచనాలు పక్కన పెట్టు, వాస్తవ అంకెలు మాత్రమే చూడు. మేజర్ హెడ్ (పద్దు నంబరు) 0006 రాష్ట్ర జీఎస్టీ, 0030 స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, 0039 ఎక్సైజ్, ఖర్చు వైపు 2049 వడ్డీలు, 2071 పెన్షన్లు. ఈ ఐదు పద్దులూ ఒక ఎక్సెల్ షీట్లో నీ చేత్తో ఎక్కించు, ఎవరో చేసిన పట్టిక కాపీ కొట్టకు. ఈ మూడు పన్నుల ఆదాయంతో పోలిస్తే వడ్డీలు, పెన్షన్లకే ఎంత పోతోందో లెక్క వెయ్యి. తర్వాత సంపుటం చివర్లో ఉండే ఫుట్‌నోట్లు చదువు. ఏదో ఒక ఫుట్‌నోట్ దగ్గర "ఇదేంటి, ఇలా ఎందుకు రాశారు" అని ఆగిపోతే ఆ పేజీ నంబరు, ఆ షీటు పట్టుకుని నీకు నచ్చిన గైడు దగ్గరికి వెళ్లు. ఐదేళ్ల సంపుటాలు తిప్పినా ఎక్కడా ఆగబుద్ధి కాకపోతే, వచ్చే నోటిఫికేషన్‌కి గ్రూప్-2 ఫీజు కట్టేయ్.